మళ్ళీ లాభం నుంచి

మొన్నామధ్య ఒక పని మీద ఊరి బయట గిడ్డంగుల వైపు వెళ్ళాను. అక్కడ లారీలోకి బియ్యం బస్తాలు మోస్తున్న కళాసీలు పైకే లెక్కపెట్టుకుంటున్నారు. ఒకటి అన్నారు, రెండు అన్నారు, అలా సాగి ఏడో బస్తా దగ్గర అందులో ఒకతను ఏ జంకూ లేకుండా ఏడు అని, ఆ వెంటనే ఎనిమిది అని ముందుకు పోయాడు. అతని తప్పేమీ లేదు, లెక్క సరిగ్గానే ఉంది. కాని మన ఈడువాళ్ళు ఎవరు అక్కడ ఉన్నా నాలాగే ఒక్క క్షణం ఆగి ఉండేవారు. మన కళ్ళాల్లో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనేవాళ్ళు కాదు, లాభం అనేవాళ్ళు. లాభం తరువాత రెండు, మూడు. ఏడు దగ్గరికి వచ్చేసరికి, గింజల ముందు కూర్చుని ఏడు అంటే ఏడవమని చెప్పినట్టుంటుందని, ఆరున్నొక్కటి అని దాటించేవాళ్ళు. ఆ లెక్కతోనే నేను పెరిగాను, ఆ లెక్కతోనే ఒకసారి నా రోజులు కూడా కొలుచుకున్నాను. ఆ సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ వరసగా చెప్పలేదు.

మాది వ్యవసాయ కుటుంబం. నా చదువు ఆరున్నొక్కటో తరగతితో ఆగిపోయింది. లెక్కలు మాత్రం బడిలో కాదు, కళ్ళంలో మా పెదనాన్న పక్కన కూర్చుని నేర్చుకున్నాను. ఆయన కుంచంతో కొలిచేవాడు. నేను కొలవకుండానే చెప్పాలనుకునేవాణ్ణి. రాశి చుట్టూ తాడు వేసి, ఆ కొలతను దానితోనే హెచ్చించి, రాశి ఎత్తుతో మళ్ళీ హెచ్చించి, ముప్పై ఎనిమిదితో భాగిస్తే ఎన్ని ఘనపుటడుగుల ధాన్యమో తేలుతుందని ఎన్నో రాశులు కొలిచి కొలిచి కనిపెట్టుకున్నాను. చాలా ఏళ్ళ తరువాత ఒక మేష్టారు కాగితం మీద వేసి చూసి, పుస్తకంలో ఉన్నదీ దాదాపు ఇదేనయ్యా అన్నారు. ఆ ఒక్క విద్యతోనే శ్రీకాకుళం దగ్గర ఒక రైసుమిల్లులో నాకు పని దొరికింది. వచ్చిన ధాన్యం ఎన్ని బస్తాలవుతుందో చూసి చెప్పడం, లారీకి ఎక్కే బస్తాల లెక్క చూడడం, అంతే. నూరు బస్తాల రాశికి రెండు మూడు బస్తాల తేడాతో చెప్పేవాణ్ణి.

తాగుడు ఎప్పుడు మొదలైందో చెప్పగలను, ఎప్పుడు ముదిరిందో చెప్పలేను. మొదట పని అయ్యాక తాగేవాణ్ణి, తరువాత పని అవుతుండగా, ఆ తరువాత చేతులు వణకకుండా తాడు పట్టుకోవడానికి పనికి ముందే. ఒక వానరోజు మధ్యాహ్నం మా పాపను బడి నుంచి తీసుకురావలసినవాణ్ణి, మరిచిపోయాను. పాపకు అప్పుడు పదేళ్ళు. అందరూ వెళ్ళిపోయాక బడి గేటు దగ్గర తడుస్తూ గంటన్నర నిలబడి ఉందట. మా ఆవిడ మర్నాడు పొద్దుటి బస్సుకు పాపను తీసుకుని నెల్లిమర్లలో ఉన్న తన పుట్టింటికి వెళ్ళిపోయింది. ఆ తరువాత రెండు నెలలకు నేను మిల్లు ఆవరణలో ధాన్యం మీదే పడిపోతే కళాసీలు ఆటోలో వేసి పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళారు. అది హుద్‌హుద్ తుఫాను వచ్చిన మరుసటి ఏడాది, చలికాలం మొదట్లో.

ఆసుపత్రిలో పన్నెండు రోజులున్నాను. అక్కడి డాక్టరమ్మను నేను అడిగింది ఒక్కటే, ఎన్ని రోజులు తాగకుండా ఉంటే ఇది పోయినట్టు అని. ఆవిడ అంకె చెప్పలేదు. ఈ రోజు తాగకుండా ఉండండి, రేపటి సంగతి రేపు చూద్దాం అన్నారు. అంకె లేని మాట నా బుర్రకు ఎక్కదు. శనివారం నన్ను పంపించారు. ఆసుపత్రి రోజులు లెక్కలో వేసుకోలేదు, ఎందుకంటే కాపలాలో ఉన్న రోజులు నావి కావు. గేటు దాటిన ఆ శనివారాన్ని లాభం అనుకున్నాను.

అరసవల్లిలో మా అక్క ఇంట్లో దిగాను. మా బావ ఆటో నడుపుతాడు, ఆదివారాలు గుడికి వచ్చే జనంతో ఆయనకు తీరిక ఉండదు. వాళ్ళిద్దరూ నన్ను గాజు సామానులా చూసుకున్నారు. నాకు మాత్రం ఏమీ తెలిసేది కాదు. ఇక్కడ మన ఈడువాళ్ళు పొరబడకూడదు. మందు మానేసినవాడికి నిత్యం దాని మీదే మనసు లాగుతుందని అందరూ అనుకుంటారు. నాకు అలా కూడా లాగలేదు. లాగితే బాగుండేదేమో, ఏదో ఒకటి ఉన్నట్టుండేది. పొద్దున్నే లేచేవాణ్ణి, అరుగు మీద కూర్చునేవాణ్ణి, ఎదురింటి రేకుల పైకప్పుకు ఎన్ని మడతలున్నాయో లెక్కపెట్టేవాణ్ణి, నూట పద్నాలుగు. మర్నాడు మళ్ళీ లెక్కపెడితే నూట పద్నాలుగే. అందులో సంతోషమూ లేదు, విసుగూ లేదు. పళ్ళ డాక్టరు సూది వేశాక పెదవి మన ముఖం మీదే ఉంటుంది గాని మనది కానట్టుంటుంది చూడండి, నాకు మనిషంతా అలా ఉండేది.

ఒకరోజు అన్నం తింటుంటే మా అక్క ఎదురుగా కూర్చుని అదే పనిగా నన్ను చూస్తోంది.

"ఒరే, కూరెలాగున్నాది?"

"బాగున్నాది."

"ఉప్పు సరిపోయిందేటి?"

"సరిపోయింది."

"నీ మొకం సరిపోయింది. ఉప్పు డబ్బా నిన్నే కాలీ అయిపోయింది, నేనసలు ఉప్పే ఎయ్యనేదు" అంది అక్క. పక్కన మా బావ నవ్వు ఆపుకోలేక, "పోనీలే, ఇలాటి మనిసుంటే ఇంటికి కర్సు తక్కువ" అన్నాడు. అక్క కూడా నవ్వింది, నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఇప్పుడు నవ్వాలి కాబోలు అని నాకు తెలిసింది, నోరు కదిపాను.

ప్రతి ఆదివారం నెల్లిమర్ల వెళ్ళేవాణ్ణి. శ్రీకాకుళం బస్సు కాంప్లెక్సులో విజయనగరం బస్సెక్కి, అక్కడ దిగి ఆటో పట్టుకుంటే భోజనాల వేళకు మామగారి ఇంటికి చేరేవాణ్ణి. మా మామ జూట్ మిల్లులో ముప్పై ఏళ్ళు మగ్గాల మధ్య పనిచేసి దిగిపోయిన మనిషి. ఆ చప్పుడుకు ఆయన చెవులు ఎప్పుడో పోయాయి. తనకు వినిపించదు కాబట్టి ఎదుటివాళ్ళకూ వినిపించదనుకుని ప్రతి మాటా కేకవేసి చెప్పేవాడు. ఆ ఇంట్లో రహస్యమనేది ఉండేది కాదు. నేను వెళ్ళిన మొదటి ఆదివారమే గుమ్మంలో నిలబెట్టి, వీధి వీధంతా వినేట్టు ఒక అంకె చెప్పాడు. నూరు రోజులు తాగకుండా ఉండి చూపిస్తే కూతుర్నీ మనవరాల్నీ పంపుతాను, నూటికి ఒక్కటి తగ్గినా పంపను అని. నాకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. ఇన్నాళ్ళకు ఎవరో ఒకరు అంకె చెప్పారు. మా ఆవిడ లోపల గుమ్మానికి ఆనుకుని నిలబడి వింది. ఆమె ఏ అంకే చెప్పలేదు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం గుమ్మంలోనే అడిగేవాడు మామ, ఇవాళ ఎంత అని. నేను చెప్పేవాణ్ణి. ఆయన దాన్ని మళ్ళీ వీధికి చెప్పేవాడు. తొమ్మిది, పదహారు, ఇరవై మూడు, అలా. ముప్పై ఏడో రోజున నా నోటికి అలవాటైన మాట వచ్చింది.

"ముప్పై ఆరున్నొక్కటి, మావా."

"ఏటీ? ముప్పై ఆరా, ఒకటా? ఒకటి సెప్పు, రెండు సెప్పకు!"

"ముప్పై ఆరు మీద ఒకటి."

"అంటే ముప్పై ఏడు కాదేటి? ఆ మాటనడానికి నీకేటి రోగం? తాగినోడికి తిన్నగా లెక్క రాదంటే ఇదే మరి!"

ఎదురింటి అరుగు మీద కూర్చున్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు. మా ఆవిడ నెమ్మదిగా వచ్చి తండ్రి చెవి దగ్గర, కళ్ళంలో ఏడు అనరు నాన్నా అని చెప్పింది. ఆ ఆదివారం ఆమె నా వైపు మాట్లాడిన మాట అదొక్కటే. దాన్ని తిరుగు ప్రయాణంలో రెండు గంటలూ తలుచుకోవాలని ప్రయత్నించాను. మాటలు గుర్తుకొచ్చాయి గాని వాటి వెనుక ఏమీ రాలేదు. కరెంటు స్తంభాలు లెక్కపెట్టుకుంటూ వచ్చేశాను.

యాభై దాటాక మిల్లు షావుకారు కబురు పంపి మళ్ళీ పనిలోకి తీసుకున్నారు. ధాన్యం వచ్చే రోజులు. అరవై తొమ్మిదో రోజు, గురువారం, ఆవరణలో పెద్ద రాశి పోశారు. తాడు వేశాను, అరవై అడుగులు, ఎత్తు అయిదున్నర. మనసులో హెచ్చించి భాగించి, ఎనభై కిలోల బస్తాలు నూట ఆరు అన్నాను. మధ్యాహ్నానికి బస్తాలకెత్తారు, సరిగ్గా నూట ఆరు. నా జీవితంలో ఒక్క బస్తా కూడా తేడా రాకుండా చెప్పిన రాశి అదే. షావుకారు భుజం తట్టారు, కళాసీలు చుట్టూ చేరి చప్పట్లు కొట్టారు, చెయ్యి కుదిరింది బావా అని ఒకతను నా చెయ్యి పట్టుకుని పైకెత్తాడు. నాకు ఏమీ అనిపించలేదు. ఎత్తిన నా చేతిని చూసి, అది నూట ఆరు చెప్పిన చెయ్యేనా అనుకున్నాను.

అలా ఏమీ అనిపించకపోవడమే ఆ రోజు నన్ను లేపి నడిపించింది. బాధ పడలేక తాగానని చెప్పుకుంటే వినడానికి బాగుంటుంది, కాని అది నిజం కాదు. లోపల ఏమైనా మిగిలి ఉందా అని చూడాలనిపించింది. మూడు గంటలకు బ్రాందీ షాపు ముందు వరసలో నిలబడ్డాను, నా ముందు పదకొండు మంది. క్వార్టరు సీసా కొని ఆ గోడ పక్కనే తాగేశాను. మండింది, అంతే. సంతోషం రాలేదు, ఏడుపు రాలేదు, మత్తు కూడా తిన్నగా ఎక్కలేదు. రెండోది కొనలేదు, అందులో నా గొప్పదనం ఏమీ లేదు. మొదటిది పనిచేయలేదు, రెండోది చేస్తుందని నమ్మకం కలగలేదు. నోరు కడుక్కుని, సాయంత్రం వరకు నది గట్టు మీద తిరిగి అక్క ఇంటికి వెళ్ళాను. ఎవరికీ తెలియలేదు.

మూడు రోజుల తరువాత ఆదివారం. బస్సులో కూర్చుని లెక్క వేశాను. నాకు తెలిసిన విద్య అదొక్కటే కదా. డెబ్బై రెండు రోజుల్లో ఒకటి పోతే డెబ్బై ఒకటి ఉన్నట్టే అనుకున్నాను. తూర్పారబడితే తాలు ఎగిరిపోతుంది, గట్టిగింజ నిలుస్తుంది, ఆ గురువారం తాలు అనుకున్నాను. ఒక బస్తా చిరిగినంత మాత్రాన లారీ ఖాళీ అయిందని ఎవరంటారు అనుకున్నాను. విజయనగరం వచ్చేసరికి నాలుగైదు రకాల లెక్కలు సిద్ధమయ్యాయి, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. గుమ్మంలో మామ ఇవాళెంత అని కేకవేశాడు. డెబ్బై రెండు అన్నాను. డెబ్బై రెండంట అని మామ వీధికి చెప్పాడు. ఆ తరువాత డెబ్బై తొమ్మిది, ఎనభై ఆరు, తొంభై మూడు. నాలుగు ఆదివారాలు. నా అబద్ధాన్ని ఆ ముసలాయన గర్వంగా, గొంతు చించుకుని చాటేవాడు. తొంభై మూడు నాటికి ఎదురింటి ఆడవాళ్ళు కూడా నన్ను చూసి నవ్వడం మానేసి, మంచినీళ్ళు తాగుతావా నాయనా అని అడగడం మొదలుపెట్టారు.

నూరో రోజు బస్సులో కొత్త లెక్కలేవీ వేయలేదు. ఎందుకో మా పెదనాన్న గుర్తుకొచ్చాడు. కొలుస్తున్నప్పుడు ఎవరైనా పలకరిస్తే ఆయన జవాబు చెప్పేవాడు కాదు. అయినా ఎప్పుడో ఒకసారి అంకె తప్పేది, పదిహేడా పద్దెనిమిదా అని అనుమానం వచ్చేది. కళ్ళంలో అందరూ పద్దెనిమిదేలే, కానియ్యి అనేవాళ్ళు. ఆయన కానిచ్చేవాడు కాదు. కొలిచినదంతా మళ్ళీ రాశిలో గుమ్మరించి లాభం నుంచి మొదలుపెట్టేవాడు. ఎండలో నిలబడ్డవాళ్ళు తిట్టుకునేవాళ్ళు. అనుమానం ఉన్న లెక్క మీద ఇంకొక్క కుంచం కూడా పోయకూడదని ఆయన పట్టు. నేనేమో నాలుగు వారాలుగా పోస్తూనే ఉన్నాను.

నేను వెళ్ళేసరికి పాప చెప్పులు వేసుకుని మెట్టు మీద కూర్చుని ఉంది. పొద్దున్న ఆరింటి నుంచి అలాగే కూర్చుందట. లోపల రెండు సంచులు, ఒక బొగ్గుల పొయ్యి, చీరలో మూటకట్టిన దిండ్లు వరసగా పెట్టి ఉన్నాయి. మామ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గుమ్మంలో నిలబడి, ఆ రోజు నన్ను అడగకుండానే వీధి వైపు తిరిగి నోరు తెరవబోయాడు. నేను ఆయన మోచెయ్యి పట్టుకున్నాను.

"నూరు కాదు మావా. ముప్పై ఒకటి."

"ఏటీ? నూట ముప్పై ఒకటా?" మామ ముఖం వెలిగిపోయింది. "సూసినారా, మా అల్లుడు నేనడిగిందానికన్నా ముప్పై ఒకటి ఎక్కువే తెచ్చినాడు!"

"కాదు మావా. ఒట్టి ముప్పై ఒకటే."

"గట్టిగా సెప్పరా, గొణగకు!"

అప్పుడు నేను కేకవేయవలసి వచ్చింది. జీవితంలో అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు. అరవై తొమ్మిదో రోజున తాగినాను, గురువారం, నాలుగు ఆదివారాలుగా మీకు అబద్ధం చెప్తన్నాను, నా లెక్క ముప్పై ఒకటి అని మొత్తం వీధికి వినిపించేట్టు అరిచాను. మామ నా నోటి వైపు చూసి, ఆయన గొంతులో నేను మొదటిసారి విన్న చిన్న స్వరంతో, "అయితే నేనిన్ని వారాలూ అరిసిందేటి?" అన్నాడు. పాప చెప్పులు విప్పి, రెండూ పక్కపక్కన సరిగ్గా పెట్టి, లోపలికి వెళ్ళిపోయింది. నాకు అప్పుడైనా ఏదో ఒకటి తెగాలి. తెగలేదు. చెప్పులు రెండు అని మాత్రం తెలిసింది.

మా ఆవిడ సంచుల్లోంచి బట్టలు తీసి మళ్ళీ బీరువాలో పెట్టుకుంటూ, నా వైపు చూడకుండా అడిగింది.

"కొలత తప్పితే మీ పెదనాన్న ఏటి సేసేవోడు?"

"రాశిలో పోసేసి మల్లీ కొలిసేవోడు."

"గింజలు తక్కువయ్యేవేటి?"

"తక్కువవవు. లెక్కే పోతాది."

"ఊ" అంది. ఒక చీర మడత పెట్టింది. "నూరు మా నాన్న లెక్క. అది నాకెప్పుడూ అక్కర్నేదు. నువ్వు బయల్దేరు, బస్సెల్లిపోతాది."

ఆ ఆదివారం అన్నం పెట్టలేదు. అడిగే ముఖం నాకూ లేదు. తరువాతి ఆదివారం వెళ్ళాలా మానాలా అని తేల్చుకోలేక వెళ్ళాను. మామ గుమ్మంలో లేడు. పెరట్లో మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. నేనే వెళ్ళి ఆయన చెవి దగ్గర ముప్పై ఎనిమిది అని చెప్పాను. విన్నాడో లేదో, ఆ అంకెను వీధికి చెప్పలేదు. ఆ పైవారం నలభై అయిదు అని చెప్పినప్పుడు మాత్రం చెయ్యి ఎత్తి, సరేలే అన్నట్టు ఊపాడు. మా అక్కకూ షావుకారుకూ కూడా ఆ గురువారం సంగతి చెప్పేశాను. అక్క తిట్టింది, షావుకారు తల ఊపి ఆ రోజు రాశి చూడమన్నారు.

ఒక బుధవారం పొద్దున్న, అది నలభై ఎనిమిదో రోజు, అరుగు మీద కూర్చుని ఉన్నాను. సందు మలుపులో మా బావ ఆటో ఆగింది. మా ఆవిడ దిగింది, పాప దిగింది, రెండు సంచులు దిగాయి. నూటికి యాభై రెండు తక్కువ. ఏ లెక్క చూసుకుని ఆ బుధవారాన్ని ఎంచుకుందో ఈనాటికీ నాకు తెలియదు. సంచి తెచ్చి నా పక్కన అరుగు మీద దించింది. అది దిగిన చప్పుడుకు నాకు ఒక్కసారిగా భయం వేసింది. రేపు తాగేస్తే ఏమిటి, ఎల్లుండి తాగేస్తే ఏమిటి, ఈ సంచి మళ్ళీ ఎత్తుకుంటే ఏమిటి అని ఒకదాని మీద ఒకటి తోసుకొచ్చాయి. ఎన్ని నెలలకు! నేను నోరు తెరిచి, "ఒసే, బయమేస్తన్నాదే" అన్నాను. మా ఆవిడ నా ముఖంలోకి చూసి, "ఆఁ, ఎయ్యనీ" అని, సంచి తీసుకుని లోపలికి వెళ్ళింది.

ఆ భయం చాలాకాలం ఉంది. దాని వెనుకే ఒకటొకటిగా మిగతావీ వచ్చాయి, ముందు కోపం, తరువాత ఆకలి, చాలా ఆలస్యంగా సిగ్గు. మామ పోయి ఇప్పటికి నాలుగేళ్ళు. పాప పెద్దదై విజయనగరంలో ఉద్యోగం చేసుకుంటోంది, ఆ మెట్టు మీద కూర్చున్న రోజు దానికి గుర్తుందో లేదో నేను అడగలేదు. ఎన్నాళ్ళయింది అని ఇప్పుడెవరైనా అడిగితే వెంటనే చెప్పలేను, తుఫాను ఏడాది నుంచి కూడుకుంటూ రావాలి. రోజులు లెక్కపెట్టడం ఎప్పుడు మానేశానో కూడా గుర్తు లేదు. కుదిరిపోయిన మనిషి అలాగే ఉంటాడని డాక్టరమ్మ అన్నారు. కావచ్చు. కాని అప్పట్లో ప్రతి రోజుకూ ఒక అంకె ఉండేది, దాన్ని మోసుకుని బస్సూ ఆటో మారి వెళ్తే గుమ్మంలో దానికోసం ఎదురుచూసే మనిషి ఉండేవాడు. ఇప్పటి రోజులు మంచివి, మెత్తనివి, వాటిలో ఒక్కదాన్నీ ఎవరూ నన్ను గట్టిగా చెప్పమని అడగరు.